పొగలేని రాజ్యపు గానుగ

విమలావతీ నగరంలో పొగ లేదు. ఈ వాక్యం చిన్నదే అయినా ఆ రాజ్యపు చరిత్రకారులు దీనిని పన్నెండు సంపుటాలుగా విస్తరించి ఉన్నారు. అక్కడి సౌధాలు హంసల వీపుల వలె తెల్లనివి. గృహిణులు వంటిళ్ళ గోడలపై చందనంతో చిత్రాలు వ్రాసుకొనేవారు, మసి అంటుతుందన్న భయం లేదు గనుక. ధవళకీర్తి మహారాజుకు నలభై ఒక్క బిరుదులుంటే అందులో ముప్పై తొమ్మిది పొగ లేకపోవడాన్ని గురించినవే. ప్రియురాలి ముంగురులను ధూపంతో పోల్చిన ఆస్థానకవి ఒకడు, ఆ ఉపమానం పూర్తి కాకముందే సరిహద్దుకు ఆవల ఉన్నాడు. పొరుగు రాజ్యపు రాయబారి ఉత్తరీయం పొయ్యి వాసన వేసిందని అతనికి ఏడుమార్లు స్నానం చేయించి సభలోకి రానిచ్చారు; అతడు నడుమున కట్టుకొని తెచ్చిన యుద్ధప్రకటన అప్పటికి నానిపోయింది.

ఆ నగరంలో ప్రతి వంటింటి గోడకూ ఒక శిలాముఖం ఉండేది. దాని నోటి నుండి బంగారు రంగు నూనె బొట్టు బొట్టుగా పొయ్యిలోకి జారి, పొగా మసీ లేకుండా మండేది. అతిథి వస్తే గౌరవార్థం ఒక ఖాళీ పొయ్యి వెలిగించేవారు. గొప్ప అతిథికి పది. శుభవార్త వస్తే నగరమంతా వెలిగేది. ఆ పొయ్యిల మీద ఏమీ వండకూడదు. వండితే అది గౌరవం కాదు, వంట.

ఆ నూనె పుట్టుక గురించి అడిగినవాడు ఒక్కడే: మహారాజు రెండవ కుమారుడు వసంతకేతు. ఒక ఉదయం అతడు స్నానశాలలో కాగు కింద మండుతున్న మంట సన్నని గొంతుతో జోలపాట పాడటం విన్నాడు. ఆ పాటను ఆ విరుపుతో పాడగలిగినది లోకంలో ఒక్కతే, అతనికి పాలిచ్చి పెంచిన దాది ఓబులవ్వ. ఆమె కొండసీమలోని తన పల్లెకు తిరిగి వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు.

మంటలోని గొంతును వెదుకుతూ యువరాజు నూనె వచ్చే రాతి గొట్టం వెంట ముప్పై ఆమడలు నడిచాడు. ఆ దారిలో అతడు జయించిన మొసలిముఖపు యక్షుడి సంగతీ, అతణ్ణి వలచి భంగపడిన లోయరాణి సంగతీ చెప్పడానికి ఇక్కడ వ్యవధి లేదు. ఓబులవ్వకు మిగిలినది ఒక్క పూట.

గొట్టం ఎక్కడ మొదలవుతుందో, ఆ నూనె దేని నుండి వస్తుందో కొండశిఖరం మీద నుండి చూసిన రోజే అతడు తండ్రికి లేఖ వ్రాసి, రాజముద్రతో డేగ కాలికి కట్టి పంపాడు. కోరినది ఒక్కటే: నగరంలోని పొయ్యిలన్నిటినీ వెంటనే ఆర్పించండి. డేగ రెక్కల వేగం లెక్క వేసి చూస్తే లేఖ ఈ మధ్యాహ్నం సభలో ఉండాలి. ఆ మధ్యాహ్నానికే వసంతకేతు తల గొరిగించుకొని, వీపున బియ్యపు బస్తా మోస్తూ, కూలీల వరుసలో లోయ ద్వారం ముందు నిలబడి ఉన్నాడు. అతని ఖడ్గం బస్తాలో, బియ్యం నడుమ ఉంది.

ద్వారం దగ్గర కంచుతో పోత పోసిన భటుడు ఒక్కొక్కరి అరచేతినీ పట్టుకొని వేడి చూస్తున్నాడు.

“ఏ ఊరురా?”

“ఏదైతేనేం దొరా, ఆకలైన ఊరు.”

కంచు వేళ్ళు అరచేతిని బిగించాయి. బస్తాలోని కత్తి పిడి వెన్నుకు గుచ్చుకుంటూ ఉండగా యువరాజు ఊపిరి బిగబట్టాడు. భటుడి లోహపు ముఖం విప్పారింది.

“కొలిమిరా ఇది. ముప్పై ఏళ్ళు మండుతాడు వీడు. బస్తా దించినాక బయటికి వదలొద్దు.”

“కాపలా పెట్టాల్నా?” అన్నాడు రెండో భటుడు.

“ఎందుకూ? కూడు చూస్తే వాడే ఉండిపోతాడు. ఇంతమందీ అట్ల ఉన్నోళ్ళే కదా.”

లోపల కనిపించినది కవులు వర్ణించడానికి ఉబలాటపడే దృశ్యం. వారిలో ఒక్కరూ అక్కడికి వెళ్ళలేదు గనుక ఆ పని మనమే చేయాలి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. నడినెత్తిన రోహిణీ కార్తె సూర్యుడు నిప్పులు కురిపిస్తున్నాడు. లోయ నడుమ ఉన్న రోలు మీద మాత్రం మంచు పేరుకొని ఉంది. అది చెరువంత రోలు. దానిలో తాటిచెట్టంత రోకలి. రోకలికి తగిలించిన నల్లని దూలం పట్టుకొని మూడు వందల మంది, గొంగళ్ళు కప్పుకొని, పళ్ళు కటకటలాడిస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. వారి కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. రోలులో గింజ ఒక్కటీ లేదు. అయినా నూనె దిగుతూనే ఉంది, పసిడివన్నెతో, వెచ్చగా. లోయ చుట్టూ ఎత్తైన తెల్లరాతి గోడ. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ రాళ్ళకు చేతులున్నాయి, ముఖాలున్నాయి.

వసంతకేతు బస్తాను ధాన్యపు కొట్టులో దించి, ఖడ్గాన్ని పంచె మడతల్లోకి లాక్కొని, దూలం వెంట నడవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో వరుసలో ఆమె కనిపించింది.

“అవ్వా.”

ఓబులవ్వ ఆగలేదు. ఆగడం ఆమె చేతిలో లేదు. తల మాత్రం తిప్పింది. “ఎవురూ? చిన్నదొరా? ఏం నాయనా, ఇట్ల చిక్కిపోయినావు. మీ ఇంట్లో కూడు పెట్టడంల్యా?”

“చేతులు తియ్యి అవ్వా. పోదాం.”

“తీస్తే వచ్చేదైతే నువ్వొచ్చేదాకా ఉంటానా? దూలం నిలబడితేనే చేతులు ఊడేది. మాపిటేల కూడు పెట్టేటప్పుడు నిలబెడతారు.”

ఆమె పాదాలు చీలమండల దాకా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అడుగు వేసినప్పుడల్లా రాయి రాయికి తగిలిన చప్పుడు.

“మాపటికి మోకాలు దాటుతాది,” అన్నది ఆమె, పక్కింటి సంగతి చెబుతున్నట్టు. “ఆ పైన గోడలో పెడతారు. మా చెల్లెలు కొడుకు ఆడనే ఉండాడు, ఆ మూల.”

“ఎవరు తెచ్చారు నిన్నిక్కడికి?”

“ఎవురూ తేలే. మా కొర్రచేలన్నీ మడి కట్టించి మీ ఊరికి సన్నబియ్యం పండించినారు కదా. బియ్యం మీకు, గట్లు మాకు. ఆకలైంది, వచ్చినా. కూడు పెడతామన్నారు, పెడతాండారు. అబద్ధమేం చెప్పలే. సల్లకూడే, ఇది తిరుగుతాంటే ఈడ నిప్పు రాజదు. అది తింటే ఒంట్లో ఇంత యేడి పుడతాది. ఆ యేడిని ఇది గుంజుకుంటాది. మళ్ళా కూడు, మళ్ళా గుంజుడు.” ఆమె రాతి పాదాలతో మరో నాలుగడుగులు వేసింది. “నీకు దినామూ కాగెడు నీళ్ళు కాచి పోసేదాన్ని నాయనా. ఎవురి యేడో అప్పుడు తెలిస్తే రెండు చెంబులతో సరిపెడుదును.”

యువరాజు ఆమెతో అడుగు కలిపాడు. “నాన్నగారికి లేఖ పంపాను. ఈపాటికి అంది ఉంటుంది. అక్కడ పొయ్యిలు ఆరితే ఇక్కడ గానుగ ఆగుతుంది. ఆగగానే నిన్ను ఎత్తుకొని పోతాను.”

“అంతా ఇవరంగా రాసినావా?”

“అంతా వ్రాశాను.”

ఆ మాట పూర్తవుతుండగానే దూలం వేగం తగ్గింది. మూడు వందల తలలు పైకి లేచాయి. రోకలి మూలుగు సన్నబడింది. అడుగు, అడుగుకు నడుమ ఊపిరి తీసుకొనేంత వ్యవధి. ఓబులవ్వ కుడిచేతి చిటికెనవేలు దూలం నుండి విడివడి లేచింది. వసంతకేతు ఆ వేలిని పట్టుకొన్నాడు.

మరుక్షణంలో గానుగ విసురుగా తిరిగింది.

దూలం వెర్రెత్తిన ఏనుగు తొండంలా మనుషులను ఈడ్చుకుపోయింది. పడినవారు పడినట్టే, చేతులు అంటుకొని, మోకాళ్ళు గీరుకుంటూ పోతున్నారు. నూనె ధారగా కాదు, వాగుగా దిగుతున్నది. ఓబులవ్వ చీలమండల తెలుపు పిక్కలకు ఎక్కడం యువరాజు కళ్ళారా చూశాడు.

“అభినందనలు, యువరాజా,” అన్నది వెనుక నుండి ఒక మృదువైన కంఠం. “మీ చేతివ్రాత చక్కగా ఉంది.”

ఆ లోయకు అధిపతి, మహామాంత్రికుడు శీతలాచార్యుడు. ఆ మూడు వందల మంది మధ్య చెమట పట్టేవాడు ఆయనొక్కడే. చేతిలో నెమలి విసనకర్ర ఆడుతూనే ఉంటుంది. జీవితంలో తాను ఎవరినీ చంపలేదని, ఎవరినీ నిర్బంధించలేదని, అన్నదాతగా తప్ప మరే పేరూ కోరలేదని ఆయన చెప్పుకొనేవాడు. అందులో అసత్యం లేకపోవడమే ఆయన మంత్రబలం.

“చూడండి,” అని రోలు పక్కన నూనె చేరే తొట్టి మీద విసనకర్ర ఆడించాడు.

తొట్టిలో కొద్ది క్షణాల కిందటి విమలావతి రాజసభ తేలింది. వంటవారు సైతం పొయ్యిలు తగ్గించి, గరిటెలు వదిలి స్తంభాల చాటున చేరి వింటున్నారు. గానుగ నెమ్మదించినది అందుకే. మంత్రి లేఖ విప్పి చదువుతున్నాడు: “మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు వసంతకేతు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. నేనిచ్చట క్షేమము...”

మహారాజు చెయ్యెత్తాడు. మంత్రి ఆగాడు.

ఆ సభ సంప్రదాయం యువరాజుకు తెలియనిది కాదు. కానరాకుండా పోయినవాని క్షేమం చెవిన పడిన క్షణంలో చదువు ఆపి, నగరమంతటా పొయ్యిలు వెలిగించాలి. మిగిలిన లేఖను బంగారు పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమలు వేసి, మూడు రోజుల వేడుక ముగిశాక చదవాలి. శుభవార్త వెనుక మరొక వార్త ఉండవచ్చునన్న అనుమానం ఆ వంశంలో ఇంతవరకు ఎవరికీ కలగలేదు. తల తెగబోతున్న యుద్ధభూమి నుండి వ్రాసినా ముందు క్షేమం వ్రాయాలని వసంతకేతుకు అయిదవ ఏట నేర్పారు. కొండశిఖరం మీద, గానుగను కళ్ళారా చూసి వ్రాస్తూ కూడా అతడు ఆ మర్యాద తప్పలేదు.

తొట్టిలో పదివేల ఖాళీ పొయ్యిలు భగ్గుమన్నాయి.

యువరాజు ఖడ్గం దూసి దూలాన్ని నరికాడు. తిరుగుతున్న దూలం ఆ దెబ్బను విదిలించి అతణ్ణి పది బారల దూరం విసిరివేసింది. లేచి పరుగెత్తుకు వచ్చి, ఓబులవ్వ చేతుల పక్కన తన చేతులు ఆనించబోయాడు, తన వేడి కొంత ఆమెకు ఆసరా అవుతుందని.

“తాకితే సంపుతా,” అన్నది ఓబులవ్వ. తెలుపు ఆమె మోకాళ్ళను ముట్టింది. “ఈ లోయ మొత్తంలో ఖాళీగా ఉండేటివి నీ రెండు చేతులే. అవి కూడా దీనికే ఇస్తావా? నేను గానుగాడించిన ఇంట్లో పుట్టినదాన్ని. నేను చెప్పింది చెయ్యి. మా గొంగళ్ళు లాగి రోట్లో ఎయ్యి.”

“గొంగళ్ళా?”

“గింజలో ఒక్క ఎంటిక పడితే నూనె మంటలో కంపు కొడతాది, పొగ లేస్తాది. మా నాయన నన్ను ఎన్నిసార్లు కొట్టినాడో దానికి. ఇవి మూడువందల గొర్రెల బొచ్చు నాయనా.”

యువరాజు దూలానికి ఎదురుగా పరుగెత్తాడు. తిరిగే దూలాన్ని ఎగిరి దాటుతూ, ఎదురొచ్చిన భుజం మీది గొంగడిని లాగి రోలులోకి విసురుతూ. ఓబులవ్వ కేక ముందుగానే వలయమంతా పాకింది. కొందరు తామే భుజాలు విదిలించి గొంగళ్ళు జార్చారు. ఒక బక్కచిక్కినవాడు మాత్రం అంచును పళ్ళతో కరచి పట్టుకొన్నాడు.

“ఇది పోతే నేను సస్తా దొరా.”

“ఉంటే బతుకుతావా కదిరన్నా?” అన్నది వెనుక వరుసలోని ఆడమనిషి. “ఉన్నా సచ్చేదే. కప్పుకొని సస్తావు, అంతే తేడా.”

కదిరన్న నోరు తెరిచాడు. గొంగడి యువరాజు చేతికి వచ్చింది.

శీతలాచార్యుడు విసనకర్ర ఆడిస్తూ చూస్తూ నిలబడ్డాడు. ఉన్నిలో నూనె ఉండదని ఆయనకు తెలుసు. చతుష్షష్టి కళలూ అభ్యసించిన ఆ మహాపండితుడు ఏనాడూ పొయ్యి ముందు కూర్చుని ఎరుగడు. అందుచేత రోలులోని నూనె బూడిదరంగుకు తిరుగుతున్నప్పుడు కూడా, “పాపం, వీళ్ళకు చలి వేస్తుంది,” అన్నాడు.

మొదట తొట్టిలోని సభ మసకబారింది. అది నూనెలోని దోషమని ఆయన వంగి చూశాడు. అది సభలోని పొగ. పదివేల పొయ్యిలు ఒక్కసారిగా నల్లని పొగను కక్కాయి. పొగగూడు అనేది ఎరుగని నగరం అది. వంటింటి కిటికీ అంటే అక్కడ చిత్రం వ్రాసిన గోడ. చందనపు చిత్రాలు మాసిపోయాయి. రాణులు పన్నీటి బిందెలు ఎత్తి పొయ్యిలో గుమ్మరించారు. ధవళకీర్తి మహారాజు తుమ్మాడు. నలభై ఒక్క బిరుదుల్లో తుమ్ముకు వర్తించేది ఒక్కటీ లేక వందిమాగధులు నోరు తెరిచి, దగ్గి, మూసుకొన్నారు. “ఆర్పండి,” అని సింహాసనం కిందినుండి ఒక ఆజ్ఞ వెలువడింది. పొయ్యి తరువాత పొయ్యి, వీధి తరువాత వీధి ఆరిపోయింది.

గానుగ ఆగింది.

మూడు వందల జతల చేతులు ఊడివచ్చాయి. ఓబులవ్వ కుప్పకూలింది, తొడల నడిమి దాకా రాయి. వసంతకేతు ఆమెను ఎత్తి వీపున వేసుకొని, “ద్వారం వైపు పరుగెత్తండి,” అని అరిచాడు.

ఎవరూ పరుగెత్తలేదు. మూడు వందల మందీ నెమ్మదిగా నడచి, ధాన్యపు కొట్టు ముందు వరుసలో నిలబడ్డారు. దూలం ఆగితే కూడు పెడతారు. అది వాళ్ళ కాళ్ళకు తెలిసిన నియమం. యువరాజు పిలిచాడు, బతిమాలాడు, చివరికి రాజవంశీకులకు మాత్రమే వచ్చిన తిట్లు తిట్టాడు. వరుస చెక్కుచెదరలేదు.

శీతలాచార్యుడి ముఖం మీద చెమట ఆరిపోయింది. ఆయన శక్తీ ఆ నూనెతో వెలిగేదే. అయినా నవ్వాడు. “చూశారా? వీరిని పట్టి ఉంచినది నేను కాదు. భటులారా, యువరాజుగారిని తీసుకురండి.” ద్వారం నుండి కంచు అడుగులు కదిలాయి.

“వాళ్ళను తిట్టి ఏం లాభం?” అన్నది ఓబులవ్వ అతని చెవిలో. “నన్ను కొట్టు కాడికి మొయ్యి.” అక్కడికి చేరగానే వరుసను చూసి గొంతెత్తింది. “ఏమయ్యా, బియ్యం లోపల, మీరు బయట. వడ్డించేవాడొచ్చేదాకా నిలబడే ఉంటారా? లోపలికి రాండి. కదిరన్నా, ఆ దూలం ఊడబెరికి ఈడ్చుకొని రాండి. అది ల్యాకుంటే వాని గానుగేం తిరుగుతాది? ఈ పొద్దు యేడికూడు తిందాం.”

వేడికూడు అన్న మాటకు వరుస విరిగింది. నలభై మంది దూలం మీద పడ్డారు. చేతులు అంటుకుంటాయన్న భయంతో మొదట మోచేతులతో నెట్టి, తరువాత ధైర్యం చేసి పట్టుకొన్నారు. దూలం రోకలి నుండి ఊడింది. అందరూ కొట్టులోకి చేరి తలుపు మూసి మూడు గడియలూ వేసేసరికి మొదటి కంచు పిడికిలి తలుపుకు తగిలింది.

లోపల బస్తాలు, నీళ్ళ బానలు, సల్లకూడు కలిపే పెద్ద గంగాళం. యక్షుడి దంతాలు రాల్చిన ఖడ్గానికి ఇప్పుడు దూలాన్ని కట్టెలుగా చీల్చే మహద్భాగ్యం కలిగింది. వసంతకేతు కత్తిని రాతికి గీసి రవ్వలు రాల్చాడు. నూరేళ్ళు నూనె తాగిన కట్టె చిటపటమన్నది, కానీ మంట నిలవలేదు.

“ఊదు,” అన్నది ఓబులవ్వ. ఆమెను బస్తాకు ఆనించి కూర్చోబెట్టారు. తెలుపు నడుముకు ఎక్కుతున్నది. ఎవరూ గుంజకపోయినా, లోపల మిగిలిన కాస్త వేడీ దానంతట అదే సన్నగిల్లుతున్నది.

“బయట ఎండలో పడుకోబెడితేనో?” అన్నాడు కదిరన్న.

“ఎండ పైతోలుకే. యేడి కడుపులో పుట్టాల. ఊదు నాయనా, మూతి దగ్గరికి పెట్టి ఊదు. బంగారు పల్లకీలో ఊరేగింది సాలు.”

యువరాజు బోర్లా పడుకొని ఊదాడు. పొగ అతని ముఖం నిండా కొట్టింది. ఇరవై రెండేళ్ళ జీవితంలో మొదటిసారి అతని కళ్ళు పొగకు మండాయి, ముక్కు కారింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంట నిలబడింది. గంగాళంలో నీళ్ళు, బియ్యం పడ్డాయి.

మొదటి గడియ విరిగింది.

“యువరాజా,” అన్నది తలుపు వెనుక మృదుకంఠం, ఈసారి పళ్ళు కటకటలాడుతూ. “అక్కడ పొగ తగ్గుతున్నది. సాయంత్రం వారికి వంట కావాలి. వెలిగించినప్పుడు నూనె రాకపోతే మీ తండ్రిగారు సైన్యంతో వస్తారు. నా కోసం కాదు, రాత్రి భోజనం కోసం. ఆలోచించుకోండి.”

వసంతకేతు ఆలోచించలేదు. గంగాళం వైపే చూస్తున్నాడు. నీళ్ళు ఇంకా కదలడం లేదు. మొసలిముఖపు యక్షుణ్ణి తొందరపెట్టవచ్చు, అన్నాన్ని తొందరపెట్టలేం. ముప్పై మంది తలుపుకు వీపులు ఆనించారు. ఓబులవ్వ కనురెప్పలు బరువెక్కుతున్నాయి. “అవ్వా, పాట పాడు,” అన్నాడతను. ఆమె పెదవులు కదిలాయి, పాట రాలేదు.

రెండవ గడియ విరిగింది. అదే సమయంలో గంగాళం మీద తెల్లని నురుగు పొంగింది.

“మెతుకు నలిపి సూడు,” అన్నది ఓబులవ్వ, కళ్ళు మూసుకొనే.

“పలుకుంది అవ్వా.”

“ఇంగా రొంతసేపు.”

తలుపు నడిమి చెక్క చీలి కంచు వేళ్ళు నాలుగు లోపలికి వచ్చాయి. కదిరన్న వాటి మీద బియ్యపు బస్తా వేసి తానూ పడుకొన్నాడు. వసంతకేతు మరిగే గంగాళంలో చెయ్యి పెట్టి పిడికెడు మెతుకులు తీసి, కాలుతున్న అరచేతిలోనే ముద్ద చేసి, ఆమె నోట పెట్టాడు. ఆమె నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది.

నడుము దగ్గరి తెలుపు వేలెడు దిగింది.

“ఉప్పు లేదు,” అన్నది ఓబులవ్వ.

మూడవ గడియ వంగుతున్నది. వసంతకేతు మళ్ళీ గంగాళంలో చెయ్యి పెట్టాడు.